ఈశ్వరగుణములు పరస్పరవిరుద్ధములా?

ఈశ్వరుఁడు సర్వశక్తుఁడు, సర్వజ్ఞుఁడు, న్యాయమూర్తి, దయామయుఁడు అని మనము ప్రార్థనయందుఁ బలుకుచున్నాము. ఈ నాలుగు గుణములును ఒక్కచోఁ బొసఁగునా? పొసఁగనిచో మన ప్రార్థన యర్థములేని మాటలకూర్పగును. కావున ఈ ప్రశ్నను నాస్తికులకు విడిచిపెట్టక మనమే విచారింపవలయును.

దస్తావేజునకు అర్థము చెప్పునపుడు న్యాయస్థానములలో నొక నియమము గలదు. ఒక షరతును నిలుపుటకై మఱియొక షరతును కొట్టివేయరాదు. అన్నిటికిని చెల్లుబాటు గలుగునట్లు పత్రము నంతటిని గలిపి చదువవలయును. ఈశ్వరగుణములను గూడ నీ రీతినే చదివిచూతము.

మొదటిది సర్వశక్తి. "తా నెత్తలేని బండను ఈశ్వరుఁడు సృజింపఁగలఁడా?" యని కొందఱడుగుదురు. కలఁడన్నను లేఁడన్నను శక్తికి లోపము వచ్చునని వారి తలంపు. కాని సర్వశక్తుఁ డెత్తలేని బండ యనునది కుందేటికొమ్మువంటిది, గొడ్రాలి బిడ్డవంటిది. మాటలు గలవు, ఆ మాటలకుఁ దగిన వస్తువు లేదు. అట్టిదానిని చేయకుండుట శక్తిలోపము గాదు. సంభవింపఁగల సమస్తమును జేయఁగలుగుటయే సర్వశక్తి.

రెండవది సర్వజ్ఞత. మనము రేపు చేయఁబోవు తప్పు ఈశ్వరునకు నేఁడే తెలిసియున్నచో ఆ తప్పు మనదెట్లగును? పంచాంగము గ్రహణమును ముందుగాఁ జెప్పును. అంతమాత్రమున గ్రహణమునకు పంచాంగము కారణము గాదు. ఎఱుక వేఱు, ప్రేరణ వేఱు. అయినను పంచాంగకర్త సూర్యచంద్రులను సృజింపలేదు, ఈశ్వరుఁడు మనలను సృజించెను గదా యని యెదురువాది పలుకవచ్చును. ఆ యాక్షేపణము బలమైనదే. మేము చెప్పు సమాధాన మిది: ఈశ్వరుఁడు సృజించినది మంచిచెడ్డల నెన్నుకొను శక్తిగల జీవుని. ఎన్నుకొను శక్తి నిచ్చి, తప్పెన్నుకొనుటకు వీలు లేకుండఁ జేయుమనుట మరల కుందేటికొమ్మును గోరుటయే.

మూఁడవది న్యాయమును దయయు. శిక్ష పగతీర్చుకొనుటకే యైనచో ఈ రెండును విరుద్ధములే. తప్పుచేసినవానిని దిద్దుటకైనచో ఆ శిక్షయందే దయ గలదు. ఇందువలననే బ్రాహ్మసమాజము అనంతనరకమును అంగీకరింపదు.

ఇఁక మిగిలినది కఠినమైన చిక్కు. 1864 నవంబరు 1వ తేదీని మచిలీపట్టణముపైఁ బడిన యుప్పెన సుమారు ముప్పదివేలమందిని బొట్టఁబెట్టుకొనెను. 1977 నవంబరు 19న దివిసీమయందు పదివేలకుఁ దక్కువగాని ప్రాణములు పోయినవి. 1996 నవంబరు 6న కోనసీమ యదే దుఃఖమును జూచెను. సముద్రమునకుఁ జేరువనున్న మొగల్తూరువారికి ఉప్పెన యనునది పుస్తకములలోని మాట గాదు. పొత్తులలోని శిశు వేమి యెన్నుకొనెనని మునిఁగిపోయెను?

ఈ ప్రశ్న క్రొత్తది గాదు. ఈశ్వరునకు పక్షపాతమును క్రూరత్వమును గలవాయని బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయపు మొదటి పాదమే శంకించి, జీవుల కర్మము ననుసరించి ఫలమిచ్చుచున్నాఁడని సమాధానము చెప్పినది. తర్కమున కది పొసఁగును. కాని లోకమున దాని ఫలమును జూడుఁడు. బాలవితంతువుతో "ఇది నీ పూర్వజన్మఫలము" అని చెప్పి యూరివారు చేతులు దులుపుకొనిరి. వితంతువివాహమును 1856 నాఁటి చట్టము అనుమతించిన యిరువదియైదేండ్లకుఁ గాని, 1881 డిసెంబరు 11న, కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపింపలేదు. కర్మమును ఈ రీతిగా వాడుట న్యాయమను షరతును నిలిపి దయయను షరతును కొట్టివేయుటయే. ఆ చదువు చెల్లదు.

మా చదువు వేఱు. ఈ ప్రపంచము స్థిరమైన నియమములతో నడచుచున్నది. ఏ నియమముచే గాలి వీచి వాన కురియునో ఆ నియమముచేతనే తుపాను లేచును. ఆ నియమములు స్థిరములగుటచేతనే మనుష్యుఁడు వానిని దెలిసికొనఁగలఁడు. వరదలతోఁ జేలను ముంచిన గోదావరియే, 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసిన పిదప, కాలువలవెంట వచ్చి డెల్టాను బోషించెను. 1999 తుపానున ఒడిశాలో సుమారు పదివేలమంది మరణించిరి. 2013లో ఫైలిన్ తుపాను అదే రాష్ట్రపు తీరమును దాఁకినపుడు, లక్షలమందిని ముందుగాఁ దరలించుటచే, మృతులు నూఱుమందికి లోపుగా నుండిరి. గాలి నియమము మాఱలేదు. మనుష్యుల జ్ఞానమును జాలియు మాఱినవి. దయయను షరతు మన చేతులమీఁదుగాఁ జెల్లుబాటగుచున్నది.

"అట్లైన 1864లో మునిఁగిన శిశువు మాటయేమి?" యని యడిగినచో మేము తప్పించుకొనము. గుణములు పరస్పరవిరుద్ధములని వాదించువానిదే రుజువుభారము. ఆ రుజువు నెవ్వరు నియ్యలేదని మాత్రమే మేమందుము. వైరుధ్యము లేదనుట వేఱు, ప్రతి దుఃఖమునకును గారణము దెలిసినదనుట వేఱు. బిడ్డను గోల్పోయిన తల్లియెదుట ఈ పాఠమును జదువరాదు. ఆమెకుఁ గావలసినది అన్నము, గూడు, ప్రక్కనఁ గూర్చుండు మనిషి.

సమాజసభ్యులు వచ్చు వారము విచారింపవలసిన ప్రశ్నలు: ఏ దుఃఖములను మనము ఈశ్వరాజ్ఞ యని చెప్పి మన బాధ్యతను విడిచితిమి? వానిలో మన చేతులతోఁ దీర్పఁదగిన వెన్ని?