గాజు సీసాలో నారుమడి

ఎండాకాలం వచ్చిందంటే మన చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో నన్నారి షర్బత్తు తాగనివారు అరుదు. నిమ్మకాయ పిండి, ఐసు వేసి గ్లాసు చేతికిస్తే ప్రాణం లేచి వస్తుంది. ఒంటికి చలువ అని పెద్దలు చెబుతారు. అయితే ఆ కమ్మని వాసన ఎక్కడినుండి వస్తోంది? దానికోసం అడవిలో ఏమి పోతోంది? ఈ సంగతి విద్యార్థులమైన మనం కొంచెం ఆలోచించాలి.

నన్నారి పేరుతో రెండు తీగలు వాడుకలో ఉన్నాయి. ఒకటి సన్నని వేళ్ళున్న సుగంధిపాల. రెండోది కొండల్లో రాళ్ళ సందున పెరిగే డెకాలెపిస్ హామిల్టోనియై. దీని వేళ్ళు దుంపల్లా లావుగా ఉంటాయి. వీటినే నన్నారి కొమ్ములనీ, మారెడు కొమ్ములనీ అంటారు. అరవనాట మాగాళి కిళంగు అని ఊరగాయ పెడతారు. రెండింటికీ వాసననిచ్చే ముఖ్య పదార్థం ఒక్కటే: 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. ఐస్‌క్రీములో వేసే వెనిల్లిన్‌కు ఇది ఐసోమర్. అంటే పరమాణువులు అవే, అమరిక వేరు.

ఈ రెండో తీగ దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగదు. ఆకు కోస్తే చెట్టు మళ్ళీ చిగురిస్తుంది, కాయ కోస్తే మళ్ళీ కాస్తుంది. వేరే తవ్వేస్తే ఇంకేం మిగులుతుంది? శేషాచలం కొండల్లో యానాదులు మొదలైనవారు ఈ కొమ్ములు తవ్వి తెచ్చి అమ్ముతారు. పొట్టకూటికి తవ్వేవాళ్ళను తిట్టి లాభం లేదు. గిరాకీ పెరిగేకొద్దీ తీగ తగ్గిపోతోంది. విత్తనాలేమో సరిగా మొలవవు. ఇక్కడే టిష్యూ కల్చర్ అక్కరకు వస్తుంది.

రైతుబిడ్డలకు ఇందులోని మూలసూత్రం కొత్తదేమీ కాదు. చెరుకు ముచ్చె నాటితే కణుపు దగ్గర మొలక వస్తుంది గదా! మొక్కలోని ఒక్క కణానికైనా పూర్తి మొక్కగా ఎదిగే శక్తి ఉందని 1902లో హేబర్‌లాంట్ అనే శాస్త్రజ్ఞుడు ఊహించాడు. ఆక్సిన్, సైటోకైనిన్ అనే రెండు హార్మోన్ల పాళ్ళు మారిస్తే అదే కణజాలం ఒకసారి వేళ్ళు, ఒకసారి చిగుళ్ళు వేస్తుందని 1957లో స్కూగ్, మిల్లర్ చూపించారు. 1962లో మురాషిగె, స్కూగ్ తయారుచేసిన పోషక ద్రావణమే ఈనాటికీ ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడుకలో ఉంది.

పద్ధతి ఇది. తీగ నుండి కణుపు ముక్క కోసి, క్రిములు లేకుండా శుభ్రం చేస్తారు. లవణాలు, విటమిన్లు, లీటరుకు 30 గ్రాముల చక్కెర, హార్మోన్లు, గట్టిపడడానికి అగార్ కలిపిన మీడియాన్ని ఆటోక్లేవులో 121 డిగ్రీల వద్ద వేడిచేసి, చల్లారాక అందులో ముక్కను నాటుతారు. సుమారు 25 డిగ్రీల గదిలో, రోజుకు 16 గంటల వెలుతురులో చిగుళ్ళు వస్తాయి. వాటిని విడదీసి వేళ్ళు పుట్టించి, మెల్లమెల్లగా బయటి గాలికి అలవాటు చేస్తారు. సీసాలో సుఖంగా పెరిగిన పిల్లమొక్కను ఒక్కసారిగా ఎండలో పెడితే వాడిపోతుంది మరి.

ఇక రెండో దారి ఉంది. మొక్కతో పనిలేకుండా కణాలనే పెద్ద పాత్రల్లో పెంచి మందు తీయడం. జపానులో మిత్సుయి పెట్రోకెమికల్ సంస్థ 1983లో షికోనిన్ అనే ఎర్రని పదార్థాన్ని ఇలాగే తయారుచేసి అమ్మింది. అయితే అన్ని మొక్కలూ ఇంత సులువుగా లొంగవు. మన పెరళ్ళలోని బిళ్ళగన్నేరునే తీసుకోండి. క్యాన్సరుకు వాడే విన్‌బ్లాస్టిన్ దానిలోనిదే. ఒక గ్రాము రావాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. పోనీ కణాలను పెంచుదామంటే, దానికి కావలసిన విండొలిన్ తయారీలో చివరి మెట్లు ఆకులోని ప్రత్యేక కణాల్లోనే జరుగుతాయి. ఆకుగా మారని కణాల ముద్ద ఆ పని చేయదు. కణం ఉంటే చాలదు, అది ఏ అవయవంలో ఉందన్నదీ ముఖ్యమే.

కాబట్టి నన్నారికి మొదటి దారే మేలని నా అభిప్రాయం. మనకు కావలసింది వేరు. అది మన నేలలోనే పెరగాలి, ఆ డబ్బు మనవాళ్ళకే దక్కాలి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ తీగను కణుపుల నుండి సీసాల్లో పెంచే పద్ధతిని 2000లోనే ప్రచురించారు. అంటే విద్య ఉంది. అది చేను దాకా రావాలి.

చేను దాకా రావడమే కష్టం. చెనిక్కాయలు వేస్తే నాలుగు నెలల్లో లాభమో నష్టమో తేలిపోతుంది. నన్నారి కొమ్ము ఊరడానికి ఏళ్ళు పడుతుంది. "అంతదాకా ఏం తినాల?" అని కార్వేటినగరం రైతు అడిగితే మన దగ్గర జవాబుండాలి. చేనంతా ఒకేసారి పెట్టనక్కరలేదు. మామిడితోట కంచె పొడుగునా పాకించి చూడవచ్చు. మొక్క ధర రైతుకు అందుబాటులో ఉండాలి, కొమ్ములు కొనేవాడు ముందే తెలిసి ఉండాలి. అడవిలో తవ్వేవారికి నర్సరీలో కూలి దొరికితే ఇంకా మంచిది. తీగ ఎక్కడుందో, ఎప్పుడు పూస్తుందో వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.

ఒక్క జాగ్రత్త. ఒకే తల్లి నుండి తీసిన మొక్కలన్నీ ఒకే అచ్చు. ఒకదానికి తెగులొస్తే అన్నింటికీ రావచ్చు. అందుకని వేరువేరు కొండల నుండి తల్లితీగలు తీసుకోవాలి. అడవిలో తీగ బతికి ఉంటేనే సీసాలో నారు పోయగలం. అడవిని పోగొట్టుకొని సీసాలను నమ్ముకోవడం విత్తనాలు తినేసి సేద్యానికి దిగినట్టే అవుతుంది.