తండ్రి బెంగ

భీమవరమున ఒక రైతునకు ఒక్కతే కుమార్తె. ఆమె 1948లో పుణెలో స్థాపింపబడిన సైనిక వైద్య కళాశాలలో చదివి, సైన్యమున వైద్యురాలిగా చేరెను. పదకొండు వేల అడుగులకు పైనున్న లేహ్‌కు వెళ్లవలెనని ఉత్తరువు వచ్చిన దినమున తండ్రికి అన్నము సహింపలేదు.

"తల్లీ! మన ఊరిలో రోగులు లేరా? గుండ్లకు ఎదురుగా పోవలెనా?" అని అడిగెను.

కుమార్తె ఇట్లనెను: "నాన్నగారూ! 1950లో కొరియా యుద్ధమునకు మన దేశము పోరాడు సైన్యమును పంపలేదు, వైద్యదళమును పంపెను. దానికి నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ రంగరాజ్. 1951 మార్చిలో ఆయనయు మరికొందరును పారాచూట్లతో యుద్ధభూమిలో దిగి క్షతగాత్రులకు చికిత్స చేసిరి. 1949 నాటి జెనీవా ఒప్పందముల ప్రకారము వైద్యులపై కాల్పులు జరుపరాదు; గాయపడిన శత్రువునకును మేము వైద్యము చేయవలెను. అయినను ప్రమాదము లేదని చెప్పజాలను. అచట పడియున్నవాడును ఒక తండ్రి బిడ్డయే గదా!"

తండ్రి బదులాడలేదు. మరునాడు స్టేషనులో ఆమె చేతికి ఆవకాయ జాడీ ఇచ్చి, "కొండలమీద గాలి పలుచన. ఊపిరి జాగ్రత్త తల్లీ!" అనెను.

ఆయన బెంగ తీరలేదు. కాని నాటినుండి ఉత్తరము వ్రాసినప్పుడెల్ల, ఆమె కుశలమడిగిన పిదప, "నీ రోగులు ఎట్లున్నారు?" అని అడుగుట మరువలేదు.