జహంగీర్ వెయ్యి తులాల బంగారు మొహర్: పరీక్షకు కావలసినంత

ముద్రణ: ఆగ్రా, 1613 (హిజ్రీ 1022). జారీ చేసింది మొఘల్ చక్రవర్తి జహంగీర్ (1605–27). బరువు సుమారు 11.9 కిలోలు, వ్యాసం సుమారు 20 సెం.మీ. పేరు 'కౌకబ్-ఇ-తాలి'. ఇది చలామణికి కాదు, కానుకకు. ఇరాన్ రాయబారి యాద్గార్ అలీకి ఇలాంటిదొకటి ఇచ్చినట్లు 'తుజుక్-ఇ-జహంగీరీ' చెబుతుంది.

మన లింకు: నిజాముల ఖజానా. ఈ మొహర్ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నుంచి మనవడు ముకర్రం జాకు చేరింది. 1987లో జెనీవా వేలంలో కనిపించగానే సీబీఐ రంగంలోకి దిగింది. నేటికీ ఆచూకీ తేలలేదు.

తప్పక అడిగేవి: పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972 (అమలు 1976): పురావస్తువు కావాలంటే నాణేలకు కనీసం 100 ఏళ్లు, రాతప్రతులకు 75. వారసత్వ రక్షణకు రాజ్యాంగంలో ఆర్టికల్ 49, 51ఎ(ఎఫ్). నాణేల ముద్రణ కేంద్ర జాబితాలోనిది.

తికమక పెట్టేది: శాతవాహనులు ఎక్కువగా వేసినవి సీసం, పోటిన్, రాగి, వెండి నాణేలు, బంగారం టిక్ చేయొద్దు. శాతవాహన రాజు సిముకుడి నాణేలు దొరికింది జగిత్యాల జిల్లా కోటిలింగాలలో.

గుప్తనిధుల చట్టం 1878: రూ.10 మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు చెప్పాలి. పసుపు చేలో నాణెం తేలినా ఇదే నియమం, ఇంట్లోవాళ్లకూ చెప్పండి.