గాయపడిన సైనికుడు – నిషిద్ధమైన మందు



యుద్ధం ముగిశాక సైనికుడు ఇంటికి తిరిగి వస్తాడు. ఒంటిమీది గాయాలు మానుతాయి. కాని కొందరి లోపల యుద్ధం ముగియదు. నిద్రలో కాల్పులు వినిపిస్తాయి. తలుపు గట్టిగా మూసినా ఉలిక్కిపడతారు. భార్యాబిడ్డల మధ్య ఉండి కూడా ఒంటరివారవుతారు. ఈ బాధకు అమెరికా వైద్యులు 1980లో పి.టి.ఎస్.డి. అని పేరు పెట్టారు. ఆ దేశంలో 2022వ సంవత్సరంలో 6,400 మందికి పైగా మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకొన్నారు. అన్నిటికీ ఈ వ్యాధే కారణమని అనలేం. కాని సైనికుల కుటుంబాలు ఎంత భారం మోస్తున్నాయో ఈ లెక్క చెబుతుంది.

ఇప్పుడున్న మందులు కొందరికి మేలు చేస్తున్నాయి, మరికొందరికి చాలడం లేదు. అందుచేత అక్కడి మాజీ సైనికులు చట్టసభల తలుపు తట్టారు. మత్తుమందులుగా నిషేధించిన కొన్నిటిని వైద్యుని పర్యవేక్షణలో చికిత్సగా వాడనివ్వమని వారి విన్నపం. విశ్వాసులమైన మనం దీనిని ఎలా చూడాలి?

1. విషయమేమిటి?

ఎం.డి.ఎం.ఎ. అనే మందును 1912లో జర్మనీలో తయారుచేశారు. తర్వాత అది ఎక్స్‌టసీ అనే పేరుతో వినోదాలలోకి పాకింది. 1985లో అమెరికా దానిని నిషేధించింది. అయినా కొందరు పరిశోధకులు పట్టు విడువలేదు. చికిత్సలో రోగికి ఈ మందును రోజూ ఇవ్వరు. ముందుగా సిద్ధం చేసి, కొన్ని వారాల ఎడంతో రెండు మూడు సార్లు మాత్రమే ఇస్తారు. మందు పనిచేసే గంటలన్నీ శిక్షణ పొందిన ఇద్దరు పక్కనే ఉంటారు. భయం కొంత సడలినప్పుడు రోగి తన గాయాన్ని చూసి మాట్లాడగలుగుతాడని వారి ఆలోచన.

2021లో 90 మందితో జరిగిన పరీక్ష ఫలితం వెలువడింది. మందు, మాటల చికిత్స రెండూ అందినవారిలో 67 శాతం మందికి వ్యాధి లక్షణాలు నిర్ధారణ స్థాయికి దిగువకు తగ్గాయి. ఉత్తుత్తి మాత్రతో మాటల చికిత్స పొందినవారిలో అది 32 శాతం. 2023 జూలై నుండి ఆస్ట్రేలియా, అనుమతి పొందిన మానసిక వైద్యులు దీనిని వ్రాసి ఇవ్వవచ్చునని ఒప్పుకొంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మాత్రం 2024 ఆగస్టులో నిరాకరించి, మరో పెద్ద పరీక్ష జరపమని కోరింది.

ఐబోగైన్ అనే మరో మందు ఆఫ్రికాలోని ఒక మొక్క వేరునుండి వస్తుంది. అది అమెరికాలో నిషిద్ధం గనుక మాజీ సైనికులు మెక్సికో వెళ్లి తీసుకొన్నారు. అలా వెళ్లిన 30 మందిని పరిశీలించి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024లో మంచి ఫలితం ప్రకటించారు. అయితే ఈ మందు గుండె లయను దెబ్బతీసి ప్రాణం మీదికి తేగలదు. దీని పరిశోధనకు టెక్సాస్ రాష్ట్రం 2025లో 5 కోట్ల డాలర్లు కేటాయించింది.

2. శ్రీసభ బోధ

కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2291వ పేరాలో మాదకద్రవ్యాల వాడకాన్ని ఘోరమైన తప్పిదంగా ఎంచింది. కాని అక్కడే ఒక మినహాయింపు ఉంది: కేవలం చికిత్స నిమిత్తం వాడటం. ఈ తలుపు తెరిచే ఉంది, అయితే ఇరుకైనది. ఫ్రాన్సిస్ పోపుగారు 2014లో వినోదం కొరకు వాడే మత్తుమందులను చట్టబద్ధం చేయడాన్ని గట్టిగా వ్యతిరేకించారు. చికిత్స పేరుతో వినోదానికి దారి వేయడం వేరు, రోగికి వైద్యం చేయడం వేరు.

యేసు ప్రభువు చెప్పిన సమరీయుని కథ గుర్తు చేసుకొందాం. అతడు గాయపడినవాని పుండ్లమీద నూనె, ద్రాక్షరసం పోశాడు. విందులో మత్తెక్కించే ద్రాక్షరసమే అక్కడ మందయింది. వస్తువు ఒకటే, ఉద్దేశం, మోతాదు, ఇచ్చే చేయి వేరు. అంతటితో అతడు ఊరుకోలేదు. సత్రానికి చేర్చాడు, ఖర్చు భరించాడు, మళ్లీ వస్తానన్నాడు. మందిచ్చి పంపివేయడం సమరీయుని వైద్యం కాదు.

3. జాలికి జాగ్రత్త ఎందుకు?

“మా వాళ్లు చనిపోతుంటే ఇంకా పరీక్షలా?” అని సైనికుల కుటుంబాలు అడిగాయి. ఆ మాటలోని వేదనను తేలికగా తీసుకోరాదు. కాని మందు ప్రభావంలో ఉన్న రోగి మనస్సు పసిబిడ్డలా నిస్సహాయమైనది. కెనడాలో జరిగిన ఒక పరీక్షలో చికిత్సకులే రోగి పట్ల హద్దు మీరారు. ఇటువంటి అక్రమం కారణంగా ఒక శాస్త్ర పత్రిక 2024లో 3 వ్యాసాలను ఉపసంహరించుకొంది. రోగి అనుమతి లేనిదే వైద్యునికి అధికారం లేదనీ, శాస్త్ర ప్రయోజనం మనిషికంటే గొప్పది కాదనీ పన్నెండవ పయస్ పోపుగారు 1952లోనే బోధించారు. కాబట్టి పరిశోధనను త్వరపరచమని అడగడం న్యాయమే. కాపలా తీసివేయమనడం న్యాయం కాదు.

మనదేశంలో 1985 నాటి చట్టం క్రింద ఎం.డి.ఎం.ఎ. వంటి వాటిని కలిగి ఉండటమే నేరం. ఈ వార్తలు చదివి ఎవరూ సొంత వైద్యానికి దిగరాదు.

4. మందు చేయలేనిది

మనోవ్యాధి పాపం కాదు, విశ్వాస లోపమూ కాదు. “ప్రార్థన చాలు, డాక్టరెందుకు?” అనేవారు సీరా పుత్రుని జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చదవాలి. అక్కడ ప్రార్థనకు, వైద్యునికి ఇద్దరికీ చోటుంది. అయితే సైనికుని బాధలో భయమే కాదు, కొన్నిసార్లు అపరాధ భావం కూడా ఉంటుంది. తన చేతిమీదుగా పోయిన ప్రాణం అతణ్ణి వెంటాడుతుంది. మందు భయాన్ని తగ్గించవచ్చు గాని పాపాన్ని క్షమించలేదు. దానికి పాపసంకీర్తనం ఉంది, సంఘం చూపే ఆదరణ ఉంది.

‘దేవుని యోహాను’గా పేరొందిన పునీతుడు ఒకప్పుడు సైనికుడే. గ్రనడా నగరంలో అతనికి మతి చలించిందని ఆసుపత్రిలో వేసి కొరడాలతో కొట్టారు. ఆ కాలపు వైద్యం అది! బయటికి వచ్చాక అతడు రోగుల కొరకు ఇల్లు తెరిచి, 1550లో మరణించేవరకు వారికి సేవ చేశాడు. శ్రీసభ అతణ్ణి రోగులకు, ఆసుపత్రులకు పాలక పునీతునిగా గౌరవిస్తోంది.

చర్చించుకోండి:

1. చికిత్స కొరకు వాడటానికి, వినోదం కొరకు వాడటానికి తేడా ఏమిటి?
2. సమరీయుడు చేసిన పనులలో మన ఆసుపత్రులు మరిచిపోతున్నది ఏది?
3. మన విచారణలో మనోవ్యాధితో బాధపడే కుటుంబం ఉంటే, ఈ వారం వారి ఇంటికి ఎవరు వెళతారు?