విద్యుత్ కారు - పెట్రోలు పందెపు కారు : ఒక తులనాత్మక పరిశీలన

ఉర్దూలో 'షౌక్' అనే మాట ఉన్నది. 'జరూరత్' అనే మాట కూడ ఉన్నది. మొదటిది మనసుకు సంబంధించినది, రెండవది బ్రతుకుకు సంబంధించినది. తెలుగులో వీటిని మోజు, అవసరం అని చెప్పుకోవచ్చును. వాహనాలను గురించి ఈనాడు యువకుల మధ్య జరుగుతున్న వాదోపవాదాలను వింటున్నప్పుడు ఈ రెండు మాటలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. పెట్రోలుతో నడిచే పందెపు కారు గొప్పదా, విద్యుత్తుతో నడిచే కారు గొప్పదా అన్నది ఆ వాదం. ఒకరు వేగాన్ని గురించి ప్రశ్నిస్తే ఇంకొకరు పొగను గురించి సమాధానం చెబుతారు. ఒకరు ఇంజను చప్పుడులోని అందాన్ని వర్ణిస్తే ఇంకొకరు ఖర్చు లెక్క చూపిస్తారు. ప్రశ్నలు వేరువేరుగా ఉన్నప్పుడు జవాబు ఒకటే కావలెనని పట్టుపట్టుట తర్కానికి నిలువదు. కనుక ఈ వ్యాసంలో వేగం, ఆనందం, పొగ, జీవనోపాధి అను నాలుగు అంశాలను విడివిడిగా పరిశీలించెదము.

ఒకే రహదారి - రెండు పందెములు

ఈ పోలికకు మన రాష్ట్రంలోనే చక్కని ఉదాహరణ కలదు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం, లుంబిని పార్కు, ఎన్.టి.ఆర్. గార్డెన్స్ పరిసరాలలోని రోడ్లనే పందెపు బాటగా మలిచినారు. 2022 చివరి నెలలలో ఇండియన్ రేసింగ్ లీగ్‌కు చెందిన పెట్రోలు కార్లు ఆ బాట మీద పరుగెత్తినవి. కొద్ది వారాలకే, 2023 ఫిబ్రవరి 11వ తేదీన, అదే చోట ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెం జరిగినది. భారతదేశంలో జరిగిన మొదటి ఫార్ములా-ఇ పందెం అదియే. బాట పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు, మలుపులు 18.

ఆ పందెంలో ఫ్రాన్సు దేశస్థుడైన జాన్-ఎరిక్ వెర్న్ గెలిచినాడు. న్యూజిలాండ్‌కు చెందిన నిక్ కాసిడీ అరసెకను లోపు తేడాతో రెండవ స్థానంలో నిలిచినాడు. విశేషమేమనగా, చివరి చుట్లలో కాసిడీ బ్యాటరీలోనే ఎక్కువ విద్యుత్తు మిగిలి ఉన్నది. వెర్న్ తన దగ్గరున్న కొద్దిపాటి శక్తిని పొదుపుగా వాడుకొంటూ, వెనుకనున్న వానికి దారి ఇవ్వకుండా గమ్యం చేరినాడు. వేగంతోపాటు పొదుపును కూడ పరీక్షించే పందెమిది. ఆ కార్లు బ్రేకు వేసినప్పుడు చక్రాల వేగాన్ని తిరిగి విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో నింపుకొంటాయి. పందెంలో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 40 శాతం ఈ విధంగా బ్రేకుల నుండియే సమకూరునట్లు ఆ కార్లను రూపొందించినారు. పెట్రోలు కారులో బ్రేకు వేసినప్పుడు ఆ శక్తి అంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది.

2024 ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెం, రాష్ట్రంలో ప్రభుత్వం మారిన తరువాత రద్దయినది. ఇటువంటి వేడుకకు ప్రజాధనం ఎంతవరకు ఖర్చు చేయవచ్చుననే చర్చ కూడ బయలుదేరినది. షౌక్‌కు, జరూరత్‌కు నడుమ గీత ఎక్కడ గీయవలెనన్నది ఆ చర్చలోని అసలు ప్రశ్న.

పాత కథ

విద్యుత్ కారు నిన్న మొన్న పుట్టినదని చాలామంది అభిప్రాయం. చరిత్ర అందుకు భిన్నంగా ఉన్నది. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన కారు విద్యుత్ కారే. 1899 ఏప్రిల్ 29న, పారిస్ సమీపంలో, బెల్జియం దేశస్థుడైన కామీ జెనాట్జీ తన విద్యుత్ కారును గంటకు సుమారు 106 కిలోమీటర్ల వేగంతో నడిపినాడు. నేడు పెట్రోలు పందెపు కార్లకు మారుపేరుగా నిలిచిన పోర్షే సంస్థ స్థాపకుడు ఫెర్డినాండ్ పోర్షే కూడ తన యౌవనంలో మొదట విద్యుత్ బండ్ల మీదనే పని చేసినాడు.

అటువంటి విద్యుత్ కారు ఎందుకు వెనుకబడినది? చవకగా దొరికిన పెట్రోలు ఒక కారణం. 1908లో ఫోర్డు కంపెనీ విడుదల చేసిన మోడల్-టి కారు సామాన్యునికి అందుబాటులోకి రావడం రెండవ కారణం. మూడవది తమాషా అయినది. తొలిరోజులలో పెట్రోలు ఇంజనును చేతితో హ్యాండిలు తిప్పి నడిపించవలసి వచ్చేది. అది కష్టమే కాక ప్రమాదకరం కూడ. 1912లో కాడిలాక్ కారుకు విద్యుత్ స్టార్టరు అమర్చడంతో ఆ బాధ తొలగినది. అనగా పెట్రోలు కారు గెలుపుకు తోడ్పడినది ఒక చిన్న విద్యుత్ మోటారే!

వేగం సంగతి

ఇక శాస్త్ర విషయానికి వచ్చెదము. పెట్రోలు ఇంజనులో పీల్చుట, నొక్కుట, మండుట, విడుచుట అను నాలుగు క్రియలు వరుసగా జరుగును. ఇంజను నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరిగినప్పుడు గాని దాని పూర్తి బలం బయటపడదు. అందుకే క్లచ్, గేర్లు అవసరమైనవి. విద్యుత్ మోటారుకు ఈ ఇబ్బంది లేదు. నిలుచున్న చోటనే, మొదటి క్షణం నుండియే, చక్రాన్ని తిప్పే పూర్తి బలం దానికి ఉంటుంది. కనుక నిలుపు నుండి పరుగు అందుకొనుటలో విద్యుత్ కారుదే పైచేయి. ఈ విషయంలో వాదానికి తావు లేదు.

అయితే బ్యాటరీకి ఒక పెద్ద లోపం ఉన్నది. అది బరువు. ఒక కిలో పెట్రోలులో ఇమిడియున్న శక్తి సుమారు 12 యూనిట్లు. ఒక కిలో కారు బ్యాటరీలో నిలువ చేయగలిగినది యూనిట్‌లో ఐదవ వంతుకు మించదు. ఇంజను తాను తాగిన పెట్రోలులో మూడవ వంతును కూడ చక్రాలకు సరిగా అందించలేదు. మోటారు తనకందిన విద్యుత్తులో నూటికి తొంబై పాళ్ళ వరకు అందిస్తుంది. ఈ మినహాయింపులన్నీ పోయిన తరువాత కూడ, బరువు లెక్కన పెట్రోలే ఎన్నో రెట్లు ముందుంటుంది. పోర్షే సంస్థవారి పెట్రోలు కారు 911 సుమారు 1,500 కిలోలు తూగగా, అదే సంస్థవారి విద్యుత్ కారు టైకాన్ 2,000 కిలోలు దాటుతుంది. తిన్నని బాట మీద ఈ బరువు తెలియదు. మలుపులలోను, టైర్ల అరుగుదలలోను తెలుస్తుంది.

ఆనందం సంగతి

పెట్రోలు కారును ప్రేమించేవారు చెప్పే అసలు మాట వేగాన్ని గురించినది కాదు. ఎడమకాలు క్లచ్ మీద, చెయ్యి గేరు మీద, చెవి ఇంజను శబ్దం మీద పెట్టి నడపడంలో ఒక విద్య ఉన్నదనీ, విద్యుత్ కారులో ఆ విద్యకు పని లేకుండా పోయినదనీ వారి బాధ. దీనిని తేలికగా కొట్టివేయరాదు. ఏ చేతిపనిలోనైనా ఫలితం కంటె ముందు చేసేవాని ఆనందం ఉంటుంది. ఈ మాటలో నిజమున్నదని విద్యుత్ కార్లను తయారుచేసేవారు కూడ ఒప్పుకొన్నట్లే కనిపించుచున్నది. 2023లో వెలువడిన హ్యుందాయి అయోనిక్-5 ఎన్ అనే విద్యుత్ కారులో, గేర్లు మారినట్లు కుదుపును, పెట్రోలు ఇంజను వంటి చప్పుడును కృత్రిమంగా కల్పించే ఏర్పాటు చేసినారు.

మన తెలుగువారు రైలును 'పొగబండి' అని పిలిచినారు. కాజీపేట - బల్లార్ష మార్గంలో విద్యుత్ ఇంజన్లు నడుస్తున్నా, పెద్దల నోట ఆ మాట ఇంకా పోలేదు. యంత్రం మారినంత వేగంగా మనిషి మనసు మారదు. అలవాటుపడిన అందాన్ని వదులుకొనుట ఎవరికైనా కష్టమే. కనుక ఆనందం విషయంలో ఎవరి అభిరుచి వారిది. తూకం వేయడానికి ఇక్కడ రాళ్ళు లేవు.

పొగ సంగతి

పై రెండు విషయాలూ నడిపేవానికి సంబంధించినవి. మూడవది ఊరందరికీ సంబంధించినది. విద్యుత్ కారుకు పొగ లేదని ప్రకటనలు చెబుతాయి. కారుకు పొగగొట్టం లేని మాట నిజమే. కాని దాని పొగగొట్టం వేరొకచోట ఉన్నది. ఉత్తర తెలంగాణ విద్యార్థికి ఆ చోటు తెలియనిది కాదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని రామగుండంలో, సింగరేణి బొగ్గుతో నడిచే 2,600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరిగినది. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని జైపూర్‌లో సింగరేణి వారి కేంద్రం కూడ బొగ్గుతోనే నడుస్తున్నది.

ఒక చిన్న లెక్క వేసి చూచెదము. ఇవి ఉజ్జాయింపు అంకెలు. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. పెట్రోలు పందెపు కారు 100 కిలోమీటర్లకు 12 లీటర్లు తాగుననుకొంటే, వాయువు 28 కిలోలు. అదే తరగతి విద్యుత్ కారు 100 కిలోమీటర్లకు 22 యూనిట్లు వాడుననుకొందము. తీగలలోను, చార్జింగులోను జరిగే నష్టాన్ని కలిపితే విద్యుత్ కేంద్రంలో 26 యూనిట్లు ఉత్పత్తి కావలెను. ఆ విద్యుత్తంతా బొగ్గు నుండియే వచ్చినచో, యూనిట్‌కు సుమారు ఒక కిలో చొప్పున, వాయువు 26 కిలోలు. అనగా రెండింటికీ తేడా స్వల్పం! జలవిద్యుత్తు, సౌరవిద్యుత్తు, పవనవిద్యుత్తు, అణువిద్యుత్తు కలిసిన దేశపు సగటు యూనిట్‌కు సుమారు 0.7 కిలో. ఆ లెక్కన వాయువు 18 కిలోలకు తగ్గుతుంది. పెట్రోలు శుద్ధిలోను, బ్యాటరీ తయారీలోను వెలువడేది ఇందులో చేర్చలేదు.

ఈ లెక్కకు మరొక వైపు ఉన్నది. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే సామాన్యమైన చిన్న పెట్రోలు కారు 100 కిలోమీటర్లకు విడిచేది సుమారు 13 కిలోలే. అనగా బరువైన విద్యుత్ పందెపు కారు కంటె మధ్యతరగతి వాని చిన్న పెట్రోలు కారే ఈనాటికి తక్కువ కీడు చేయుచున్నది. దీనినిబట్టి తేలేదేమి? కారు ఎంత శుభ్రమైనదో చెప్పేది దాని పేరు కాదు. దాని బరువు, దానికి అందే విద్యుత్తు పుట్టిన చోటు చెబుతాయి.

అయితే నగరంలో నడిచేవాని ముక్కుకు తగిలే పొగ మాటేమి? అక్కడ మాత్రం విద్యుత్ వాహనానిదే న్యాయమైన గెలుపు. 2024లో కరీంనగర్ నుండి ఆర్.టి.సి. విద్యుత్ బస్సులు నడవడం మొదలైనది. రోజంతా పదులకొద్దీ మనుషులను మోసే బస్సులో వచ్చిన ఈ మార్పు, వారానికొకసారి బయటికి తీసే పందెపు కారులో వచ్చే మార్పు కంటె ఎన్నో రెట్లు విలువైనది. రామగుండం ఎన్.టి.పి.సి. జలాశయం మీదనే 100 మెగావాట్ల తేలియాడే సౌరఫలకాలు 2022లో పూర్తిస్థాయిలో పనికి వచ్చినవి. బొగ్గు పొగగొట్టాలు, సౌరఫలకాలు పక్కపక్కనే నిలిచిన ఆ దృశ్యమే మన కాలానికి సరియైన చిత్రం.

బ్రతుకుతెరువు సంగతి

నాలుగవ విషయం మన కళాశాల విద్యార్థులలో పలువురి ఇండ్లకు దగ్గరిది. మన పట్టణాలలో మెకానిక్ షెడ్డు అనేక కుటుంబాలకు అన్నం పెడుతున్నది. అక్కడ పనివాడు 'ఉస్తాద్', నేర్చుకొనే కుర్రవాడు 'షాగిర్ద్'. ఇంజను చప్పుడు వినగానే లోపం ఎక్కడున్నదో చెప్పగలిగే ఉస్తాదులు మన మధ్య ఉన్నారు. విద్యుత్ కారులో స్పార్క్ ప్లగ్గు లేదు, సైలెన్సరు లేదు, క్లచ్ ప్లేటు లేదు, ఇంజన్ ఆయిలు మార్చే పని లేదు. మరి ఆ చెవి విద్యకు గతి ఏమి?

ఇటువంటి పరిణామాన్ని ఉర్దూ లోకం ఒకసారి చూచినది. ఉర్దూ పత్రికలను కాతిబులు చేతితో వ్రాసేవారు. 1981లో నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటరు లిపి రావడంతో ఆ వృత్తి క్రమక్రమంగా సన్నగిల్లినది. అక్షరం అందం తెలిసిన కాతిబులలో కొత్త యంత్రాన్ని నేర్చినవారు నిలబడినారు, నేర్చుకొనే అవకాశం దొరకనివారు చితికిపోయినారు. ఆ తప్పు కళది కాదు. నేర్పే ఏర్పాటు వేళకు జరుగకపోవడమే అసలు లోపం.

మెకానిక్ విషయంలో ఇంకా వేళ మించిపోలేదు. పెట్రోలు బండ్లు మరి ఎన్నో ఏండ్లు మన రోడ్ల మీద ఉంటాయి. బ్రేకులు, టైర్లు, స్టీరింగు, సస్పెన్షను విద్యుత్ కారులోను ఉన్నవి. కాని అందులోని వందల వోల్టుల బ్యాటరీని తెలియక ముట్టుకొంటే ప్రాణానికే అపాయం. కనుక ఉస్తాద్ అనుభవానికి శాస్త్రీయమైన శిక్షణ తోడు కావలెను. ఐ.టి.ఐ.లలో విద్యుత్ వాహనాల మెకానిక్ అనే ట్రేడు ఏర్పడినది. షెడ్డులో పని నేర్చిన మన తమ్ములు దానిని గురించి విచారించవలెను. మన కళాశాల కమిటీవారు ఏటా ఒక్కసారి భౌతికశాస్త్ర విద్యార్థులను రామగుండం విద్యుత్ కేంద్రానికి తీసుకొనిపోయి, పట్టణంలోని మెకానిక్ సోదరులకు ఒకరోజు పాఠం ఏర్పాటు చేయించినచో, ఈ వాదం వల్ల కొంత ప్రయోజనం సిద్ధించును.

ముగింపు

వేగంలో, ముఖ్యంగా పరుగు అందుకొనుటలో, విద్యుత్ కారు గెలిచినది. తేలికదనంలోను, నడిపే విద్యలోను పెట్రోలు కారు నిలిచినది. ఊరి గాలికి విద్యుత్తు మేలు. దేశపు గాలికి ఆ మేలు ఎంతన్నది రామగుండంలో ఏది మండుతున్నది, ఏది మెరుస్తున్నది అన్నదానిమీద ఆధారపడి ఉన్నది. పందెపు కారు ఏ ఇంధనంతో నడిచినా షౌకే. షౌక్ తప్పు కాదు, కాని దానికి జరూరత్ అనే పేరు పెట్టరాదు. ఇకముందు ఈ వాదంలోకి దిగే విద్యార్థి సోదరులు, ఏ కారు గొప్పది అని అడుగుటకు ముందు, దేనిలో గొప్పది, ఎవరికి గొప్పది, ఎవరి ఖర్చుతో గొప్పది అని ప్రశ్నించుకొన్నచో వారి వాదానికి బలం, వారి చదువుకు సార్థకత చేకూరును.