టాటూయిన్‌లో మండువా ఇల్లు

(తెలుగు చదవడం, రాయడం వచ్చిన పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఒక పాఠం)

పిల్లలూ!

మీలో స్టార్ వార్స్ చూడనివాళ్ళు తక్కువే. జార్జ్ లూకాస్ తీసిన మొదటి సినిమా 1977 మే 25న విడుదలైంది. అందులో ఎన్నో లోకాలు కనిపిస్తాయి. కానీ ఒక్కొక్కటీ తెర మీద ఉండేది కొద్ది నిమిషాలే. ఆ తలుపు వెనక ఏముంది? ఆ మెట్లు ఎక్కడికి దిగుతాయి? సినిమా ఆగి చెప్పదు.

ఆ కుతూహలం తీర్చడానికే కొన్ని బొమ్మల పుస్తకాలు వచ్చాయి. డోర్లింగ్ కిండర్‌స్లే అనే ప్రచురణ సంస్థ 2004లో ‘ఇన్‌సైడ్ ది వరల్డ్స్ ఆఫ్ స్టార్ వార్స్ ట్రిలజీ’ అనే పుస్తకం వేసింది. రాసినవారు జేమ్స్ లుసీనో, బొమ్మలు వేసినవారు హాన్స్ జెన్సెన్, రిచర్డ్ చేస్‌మోర్. ఈ వరుసలోని పుస్తకాలను కలిపి 2005లో ‘కంప్లీట్ లొకేషన్స్’ అనే పెద్ద పుస్తకంగా తెచ్చారు. ఇప్పటికీ చాలా లైబ్రరీలలో ఇలాంటివి దొరుకుతాయి.

ఈ బొమ్మల్లో ఒక విశేషం ఉంది. దానిమ్మపండును నిలువునా కోస్తే తొక్క, గదులు, గింజలు అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి కదా! అలాగే ఈ చిత్రకారులు కోటలనూ, సొరంగాలనూ, నగరాలనూ కోసి చూపించారు. దీనిని తెలుగులో ‘నిలువుకోత’ అంటారు. మన పాఠానికి ఈ నిలువుకోత బొమ్మలే పలక, బలపం. పుస్తకం దొరకకపోతే సినిమా గుర్తున్నా చాలు.

1. గోతిలో ఇల్లు

ల్యూక్ స్కైవాకర్ పెరిగిన గ్రహం పేరు టాటూయిన్. ఆకాశంలో రెండు సూర్యుళ్ళు, నేల మీద ఇసుక. ఎండ తప్పించుకోవడానికి అక్కడి రైతులు నేలలో పెద్ద గొయ్యి తవ్వి, దాని గోడల్లోకి గదులు తొలుచుకున్నారు. గోతి అడుగున వాకిలి, చుట్టూ గదులు, పైన ఆకాశం.

ఈ ఇల్లు పూర్తిగా కల్పన కాదు. ఆఫ్రికా ఖండంలోని ట్యునీషియా దేశంలో మత్మాతా అనే ఊరుంది. అక్కడివారు తరతరాలుగా ఇలాంటి ఇళ్ళలోనే ఉన్నారు. 1976లో ల్యూక్ ఇంటి లోపలి దృశ్యాలు తీసింది ఆ ఊరిలోనే, సిదీ ద్రిస్ అనే హోటల్లో. ఆ దేశంలోనే ఉన్న టాటావిన్ అనే ఊరి పేరు నుంచే టాటూయిన్ పేరు వచ్చింది.

ఇప్పుడు మీ అమ్మమ్మనో, తాతయ్యనో ‘మండువా లోగిలి’ అంటే ఏమిటని అడగండి. గోదావరి జిల్లాల్లో పాతకాలం నాటి పెద్ద ఇళ్ళు అవి. నడుమ ఆకాశం కనిపించే ఖాళీ చోటు, దాని చుట్టూ వసారా, వసారా వెనక గదులు. వాన కురిస్తే నీళ్ళు ఇంటి మధ్యలోనే పడతాయి. ల్యూక్ ఇల్లు నేలలోకి దిగిన మండువా ఇల్లన్నమాట! తేడా ఒక్కటే. మండువాలోకి వాన తనంతట తనే వస్తుంది. టాటూయిన్‌లో గాలిలోని తేమను యంత్రాలతో పట్టి బొట్టుబొట్టుగా నీరు చేసుకోవాలి.

2. ఇ, టి, తి

‘గొయ్యి’ అని మొదలుపెట్టి ‘గోతిలో’ అన్నాం, గమనించారా? ‘గొయ్యిలో’ అనలేదు. ఇంగ్లీషులో ఇన్, అండర్ లాంటి మాటలు పేరుకు ముందు వస్తాయి. తెలుగులో అవి పేరు తర్వాత వస్తాయి. అవి వచ్చేటప్పుడు కొన్ని పేర్లు తమ రూపం మార్చుకుంటాయి. చివర ఇ గానీ, టి గానీ, తి గానీ చేరుతుంది. వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలు అంటారు. పేరు పెద్దది, పని సులువు.

ఇ: ఊరు – ఊరి చివర, కాలు – కాలి కింద
టి: ఇల్లు – ఇంటి లోపల, గూడు – గూటిలో, ఏరు – ఏటి ఒడ్డున
తి: గొయ్యి – గోతి అడుగున, రాయి – రాతి గోడ, నుయ్యి – నూతి పక్కన

చెట్టు, గోడ, నేల లాంటివి మారవు: చెట్టు మీద, గోడ వెనక, నేల కింద. ఇక్కడ పెరిగే పిల్లలు తరచు ‘ఇల్లు లోపల’ అంటూ ఉంటారు. దీనికి సూత్రం బట్టీ పట్టనక్కర లేదు. నిలువుకోత బొమ్మ ముందు పెట్టుకుని ‘ఏది ఎక్కడ ఉంది?’ అని పది ప్రశ్నలు వేసుకుంటే నాలుక తనే నేర్చుకుంటుంది.

3. మంచు, మంచె, మబ్బు

హోత్ గ్రహం అంతా మంచు. ఆ దృశ్యాలు 1979లో నార్వే దేశంలోని ఫిన్సే దగ్గర తీశారు. తెలుగులో గడ్డి మీద మెరిసేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, ఆకాశం నుంచి రాలేదీ మంచే. తేడా చెప్పాలంటే ఇంకో మాట జోడిస్తాం: మంచుబిందువు, పొగమంచు, మంచుగడ్డ, మంచుతుఫాను. మిన్నెసోటాలోనో, మిషిగన్‌లోనో ఉన్న పిల్లలకు ఈ మాటలన్నీ ప్రతి చలికాలం పనికొస్తాయి.

ఎండోర్ అడవిలో ఈవాక్‌లు చెట్ల మీద ఊరు కట్టుకున్నారు. ఆ అడవి దృశ్యాలు తీసింది మన దగ్గరే, ఉత్తర కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ చెట్ల మధ్య. చెట్టు మీదో, గుంజల మీదో కట్టిన అరుగు లాంటి దానికి తెలుగులో చక్కని మాట ఉంది: మంచె. జొన్నచేలలో రైతులు మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలేవారు. ఈవాక్‌ల ఊరు మంచెల ఊరు.

బెస్పిన్ గ్రహం మీద నగరం మబ్బుల్లో తేలుతుంది. మన పురాణాల్లో కూడా అలాంటివి ఉన్నాయి. మయుడు రాక్షసులకు కట్టి ఇచ్చిన త్రిపురాలు మూడు: బంగారంతో ఒకటి, వెండితో ఒకటి, ఇనుముతో ఒకటి. ఆకాశంలో తిరిగే నగరాలవి.

4. వర్ణన అంటే ఏమిటి?

కొత్త లోకాన్ని మాటలతో కట్టి చూపించడం తెలుగు కవులకు పాత విద్య. మహాకావ్యంలో పద్ధెనిమిది వర్ణనలు ఉండాలని పెద్దలు చెప్పారు. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం, ప్రయాణం, యుద్ధం వాటిలో కొన్ని. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ముందు అరుణాస్పదపురాన్ని చూపించి, ఆ తర్వాతే ప్రవరుడిని పరిచయం చేశాడు. ప్రవరుడు పాదాలకు పసరు పూసుకుని క్షణంలో హిమాలయం చేరతాడు. అక్కడి మంచుకు ఆ పసరు కరిగిపోయి ఇంటికి తిరిగి రాలేకపోతాడు. అంతరిక్ష నౌక చెడిపోయి పరాయి గ్రహం మీద చిక్కుకున్న వీరుడి కథకు ఇది ఎంత దగ్గర!

5. వరుస తేల్చండి

సినిమాలో ల్యూక్ ‘అంకుల్ ఓవెన్’ అంటాడు. తెలుగులో ఏమనాలి? 2002లో వచ్చిన సినిమా ప్రకారం ల్యూక్ తండ్రి తల్లి ఓవెన్ తండ్రిని పెళ్ళి చేసుకుంది. అంటే ఓవెన్ ల్యూక్ తండ్రికి అన్నదమ్ముడి వరుస. పెద్దవాడైతే పెదనాన్న, చిన్నవాడైతే బాబాయి. మావయ్య మాత్రం కాడు! మరి ఆంటీ బెరూ ఏమవుతుంది? భోజనాల దగ్గర అందరూ కలిసి తేల్చండి.

తల్లిదండ్రులకు మనవి

మన ఇళ్ళలో పిల్లలు ఎక్కువగా వినే తెలుగు ఏది? రా, తిను, స్నానం చెయ్యి, లైటు ఆర్పు, హోంవర్క్ అయిందా. పిల్లవాడికి నిజంగా ఇష్టమైన సంగతి వచ్చేసరికి వాడూ, మనమూ ఇంగ్లీషులోకి మారిపోతాం. ఇలా పదేళ్ళు గడిస్తే తెలుగు పనులు చెప్పే భాషగా మిగులుతుంది. పిల్లలు కాలేజీకి వెళ్ళిన నాడు, పనులు చెప్పేవాళ్ళు పక్కన లేని నాడు, ఆ భాషతో వాళ్ళకు ఏం పని ఉంటుంది? ఇష్టమైనవాటిని మోసిన భాషే వాళ్ళ వెంట వెళ్తుంది.

మన చిన్నతనం గుర్తు చేసుకోండి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన రాకాసిలోయ, పాతాళదుర్గం లాంటి సీరియళ్ళకు చిత్రా బొమ్మలు వేసేవారు. తర్వాతి భాగానికి నెలంతా ఎదురుచూసే పిల్లలు ఊరూరా ఉండేవారు. కోటలు, లోయలు, సొరంగాలు, బురుజులు, అగడ్తలు అనే మాటలు చాలామందికి అలాగే వచ్చాయి, పరీక్షల కోసం కాదు. మన రాకాసిలోయను పిల్లలకు చెప్పి, వాళ్ళ టాటూయిన్‌ను మనం విందాం. మాట తడబడితే నవ్వకండి, వెంటనే సరిదిద్దకండి. ‘ఇల్లు లోపల’ అంటే, ‘ఓహో, ఇంటి లోపల ఇంకా ఏముంది?’ అని అడగండి. చాలు.

అభ్యాసం

1. ఒక నిలువుకోత బొమ్మ చూస్తూ పైన, కింద, లోపల, వెనక, మధ్య, చుట్టూ, ఎదురుగా, అడుగున అనే మాటలతో ఎనిమిది వాక్యాలు రాయండి.

2. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ సినిమాలో కాశీ, కాంప్లెక్స్, శంబల అని మూడు లోకాలున్నాయి. చూసినవారు ఒకదానికి నిలువుకోత బొమ్మ గీసి, భాగాలకు తెలుగులో పేర్లు పెట్టండి.

3. రెండు సూర్యుళ్ళ చుట్టూ తిరిగే నిజమైన గ్రహం ఒకటి ఉందని, దాని పేరు కెప్లర్-16బి అని 2011లో నాసా ప్రకటించింది. అక్కడి సూర్యాస్తమయాన్ని ఐదు వాక్యాలలో వర్ణించండి.

4. ఈ వారం ఇండియాకు ఫోన్ చేసినప్పుడు తాతయ్యకో, నాయనమ్మకో ఒక లోకం గురించి చెప్పండి. వాళ్ళు విన్నది విన్నట్టు బొమ్మ గీసి పంపాలి. బొమ్మ సరిగ్గా వస్తే మీ తెలుగు గెలిచినట్టే!