యాప్ మీ మూడ్ కోసం, పొట్ట కోసం కాదు

పొద్దున అలారం ఆపిన చేత్తోనే వాట్సాప్ తెరుస్తారు. తర్వాత న్యూస్. ఆ తర్వాత రీల్స్. మంచం దిగేసరికే తల దిమ్ముగా ఉంటుంది. కదూ? రేపటి నుంచి ఆ ఫోన్‌కి ఇంకో డ్యూటీ వేద్దాం.

ఎక్సర్‌సైజ్ యాప్ అనగానే మనకు గుర్తొచ్చేది బరువే. పొట్ట, క్యాలరీలు, చెల్లి పెళ్లిలోపు ఐదు కిలోలు! వాటిని కాస్త పక్కన పెట్టండి. వెయింగ్ మిషన్ మీద తేడా కనిపించాలంటే వారాలు పడుతుంది. మూడ్‌లో తేడా చాలామందికి వాకింగ్ అయ్యి, స్నానం చేసి వచ్చేలోపే తెలిసిపోతుంది. త్వరగా చేతికందే లాభాన్ని వదిలేసి, ఎప్పుడో వచ్చేదాని కోసం ఎదురుచూస్తాం. అందుకే రెండో వారానికే యాప్ డిలీట్!

ఇది ఊరికే ధైర్యం చెప్పడం కాదు. బీఎంజే అనే బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2024లో ఒక పెద్ద విశ్లేషణ వేసింది. 218 ట్రయల్స్, 14 వేల పైచిలుకు మనుషులు. డిప్రెషన్ లక్షణాలు తగ్గించడంలో వాకింగ్ లేదా జాగింగ్, యోగా, బరువులతో చేసే వ్యాయామం బాగా పనిచేశాయని తేలింది. వాకింగ్‌కి జిమ్ ఫీజు కట్టక్కర్లేదు. ఇంకేం కావాలి మీకు?

‘ఇక ఆపండి’ అనే యాప్‌ని ఎంచుకోండి

ప్లే స్టోర్‌లో వందల యాప్‌లు ఉంటాయి. రేటింగ్ చూడకండి. మొదటి రోజు మీతో ఏం చేయిస్తుందో చూడండి.

‘కౌచ్ టు 5కే’ సంగతే తీసుకోండి. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేసిన ప్లాన్ ఇది. ఎవరి కోసమనుకున్నారు? యాభై దాటిన వాళ్లమ్మ కోసం. అథ్లెట్ల కోసం కాదు. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ దీన్నే యాప్‌గా ఇచ్చింది. మొత్తం తొమ్మిది వారాలు. వారానికి మూడు రోజులే.

మొదటి రోజు ఇలా ఉంటుంది. ఐదు నిమిషాలు చురుగ్గా నడక. తర్వాత 60 సెకన్లు జాగింగ్, 90 సెకన్లు నడక. మళ్లీ 60, మళ్లీ 90. ఇలా ఇరవై నిమిషాలు. అంతే. “ఇంతేనా?” అనిపిస్తుంది. చేసి చూడండి! నలభయ్యో సెకనుకి ఊపిరి బరువెక్కుతుంది. ఇంకో పది సెకన్లకి మీ చెవులు ‘ఇక నడవండి’ అనే గొంతు కోసం వెతుక్కుంటాయి. సరిగ్గా టైముకి ఆ మాట వస్తుంది.

మీ కాలనీ పార్కులో చూడండి. కొత్త షూస్‌తో మొదటి రౌండే దూకుడుగా పరిగెత్తి, రెండో రౌండులో లేసు కట్టుకుంటున్నట్టు వంగేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. లేసు ఊడలేదు. ఊపిరి అందట్లేదు, అంతే! వాళ్లు మర్నాడు రారు. ఎప్పుడు పరిగెత్తాలో, ఎప్పుడు ఆగాలో ఇంకొకరు చెబుతుంటే ఆ తిప్పలు ఉండవు. పైగా స్ట్రెస్‌లో ఉన్న బుర్రకి చిన్న నిర్ణయం కూడా భారమే. ఆ నిర్ణయాలు యాప్‌కి వదిలేయండి. మీరు కాళ్లు కదిపితే చాలు.

పరుగు వద్దంటారా? యోగా ఉంది. కేంద్ర ఆయుష్ శాఖ 2021లో ‘వై-బ్రేక్’ యాప్ తెచ్చింది. ఆఫీసులో పనిచేసేవాళ్ల కోసం ఐదే నిమిషాల ప్యాకేజీ. తాడాసనం, భుజాలు తిప్పడం, భ్రామరి, కాసేపు ధ్యానం. టీ బ్రేక్‌లో అయిపోతుంది.

ఇన్‌స్టాల్ కాగానే ఈ పనులు చేయండి

1. లీడర్‌బోర్డ్ ఆఫ్ చేయండి. మీ బావమరిది ఎన్ని స్టెప్స్ వేశాడో మీకు అనవసరం.

2. రోజుకి 10,000 స్టెప్స్ అనే గోల్ తీసేయండి. అది డాక్టర్లు పెట్టిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ తన పెడోమీటర్ అమ్ముకోవడానికి వాడిన అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఒకేసారి 150 మీద పడకండి. మొదటి వారం 40 నిమిషాలైనా బోణీ బోణీయే!

3. మూడ్‌కి మార్కులు వేయండి. ఇదే అసలైన పని. బయల్దేరేముందు పదికి ఎన్ని? వచ్చాక ఎన్ని? ఫోన్ నోట్స్‌లో “4–6, పొద్దున, ఒక్కణ్నే” అని రాసుకుంటే చాలు. రెండు వారాల తర్వాత చదవండి. పొద్దుట నడిస్తే బాగుందో, సాయంత్రమో, యోగా చేసిన రోజు నిద్ర ఎలా పట్టిందో మీ నోట్సే చెబుతుంది. ఏ యాప్‌కీ తెలియని డేటా అది.

ఒక రోజు తప్పితే?

తప్పుతుంది. జ్వరం వస్తుంది, చుట్టాలొస్తారు, నైట్ షిఫ్ట్ పడుతుంది. ‘మీ స్ట్రీక్ పోయింది’ అని యాప్ ఏడుస్తుంది. ఏడవనివ్వండి.

లండన్‌లోని యూసీఎల్ పరిశోధకులు 96 మంది అలవాట్లను గమనించారు. ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోతే, కొందరికి 254 దాకా పడుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టమేమీ జరగలేదు. కాబట్టి అపరాధభావం వద్దు.

వ్యాయామాన్ని టైముకి కాదు, రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెట్టండి. పిల్లల్ని స్కూల్ బస్సెక్కించారా? ఇంటికి తిరగకండి. అక్కణ్నుంచే ప్లే నొక్కండి. ఇంటికెళ్తే కుక్కర్ పిలుస్తుంది, సోఫా పిలుస్తుంది.

ఒక గట్టి మాట

యాప్ డాక్టర్ కాదు. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే, నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్. ఉచితం. తెలుగులోనే మాట్లాడొచ్చు. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే జాగింగ్ మొదలుపెట్టండి.

మందులు వాడుతుంటే మీ అంతట మీరు మానకండి. 1999లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ ఒక ట్రయల్ ఫలితాలు ప్రకటించింది. యాభై ఏళ్లు దాటిన 156 మంది డిప్రెషన్ పేషెంట్లు. 16 వారాల తర్వాత వ్యాయామం చేసినవాళ్లూ మందు వేసుకున్నవాళ్లూ దాదాపు ఒకేలా కోలుకున్నారు. దీన్ని ఫార్వర్డ్ చేసి “మాత్రలెందుకు?” అనేవాళ్లు ఇంకో సంగతి చెప్పరు. మొదట్లో మందే త్వరగా పనిచేసింది.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. ఆ వ్యాయామం ఎవరికి వాళ్లు గదిలో చేసింది కాదు. వారానికి మూడుసార్లు, గుంపుగా, పక్కన చూసుకునేవాళ్లు ఉండగా చేశారు. మీ ఇయర్‌ఫోన్స్‌లోని గొంతు ఆ పని పూర్తిగా చేయలేదు. మీరు రాకపోతే “ఏమైంది?” అని అడిగే మనిషి ఒకరు కావాలి. పక్కింటి ఆంటీ కావచ్చు, కొలీగ్ కావచ్చు, పెద్దగా మాట్లాడని తమ్ముడు కావచ్చు.

పేరు తట్టిందా? ఇప్పుడే మెసేజ్ పెట్టండి: “రేపు ఆరింటికి పార్కు గేటు దగ్గర. కంగారు పడకు, ఒక్కో విడత నిమిషమే పరుగు.”